అత్తగారి ట్రంకాల్ ఇంగ్లీషు

కోడలికి ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. బెడ్‌షీట్ నుంచి బ్లీచ్ దాకా, అర్జెంట్ నుంచి అప్రూవల్ దాకా, ఆ హోటల్లో వినబడే మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఫోన్లో పాఠాలు పెట్టుకుని బస్సులో పెదవులు కదుపుతూ వల్లె వేసింది. పక్క సీటులో కూర్చున్నవాళ్లు ఈ మనిషికేదో తేడాగా ఉందని జరిగి కూర్చునేవారు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అన్ని మాటలు నేర్చుకున్నా, తీరా నోటికి అలవాటైనవి మాత్రం "యెస్ సార్", "ష్యూర్ సార్", "నో ప్రాబ్లమ్ సార్".

ఆమె పని హోటల్ కింది అంతస్తులోని లాండ్రీలో. ఏళ్ల తరబడి అక్కడే దుప్పట్లు ఉతికింది, మడతపెట్టింది. ఆ మధ్య పాత సూపర్‌వైజరు మానేస్తే, పని తెలిసిన మనిషని ఈమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. వెంటనే పక్కాగా కాదు, నెలాఖరు దాకా చూసి ఖాయం చేస్తామన్నారు. కుర్చీతోపాటు రోజూ పొద్దున పై అంతస్తులో మీటింగొకటి వచ్చిపడింది. కిచెన్, రిసెప్షన్, బాంక్వెట్ హాల్, లాండ్రీ, అన్నింటి పెద్దలూ ఒక బల్ల చుట్టూ చేరతారు. తలొక చోటి నుంచి వచ్చినవాళ్లు కాబట్టి అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులోనే.

వాళ్లలో విందుల ఏర్పాట్లు చూసే బాంక్వెట్ మేనేజరు అని ఒక మహానుభావుడున్నాడు. ఆయన నోరు తెరిస్తే వచ్చేది "మధ్యాహ్నానికల్లా" అన్న మాటే. టేబుల్ క్లాతులు మధ్యాహ్నానికల్లా, నాప్‌కిన్లు మధ్యాహ్నానికల్లా, విందు రాత్రికైనా సరే అన్నీ మధ్యాహ్నానికల్లా. కోడలు తల ఊపి "నో ప్రాబ్లమ్ సార్" అనేది. ఆ ప్రాబ్లమేమో ఆమె వెంటే మెట్లు దిగి లాండ్రీకి వచ్చేది. కింద ఉన్న రెండు డ్రయ్యర్లలో ఒకటి చెడిపోయి మూల కూర్చుంది. ఆమె పైన ఒప్పుకొచ్చిన పని తెమలాలంటే, కింద ఆడవాళ్లంతా షిఫ్టు దాటాక కూడా ఉండిపోవాలి.

ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే వదిన ఆమెకు చుట్టం కాదు. లాండ్రీలో అందరికీ ఆవిడ వదినే. కోడలు పనిలో చేరిన కొత్తలో చేతులు కాల్చుకుంటుంటే పక్కన నిలబడి పని నేర్పింది ఆవిడే. అలాంటి మనిషి కొన్నాళ్లుగా ముఖం చాటేస్తోంది. చివరికి ఒక సాయంత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"నువ్వు పైకెళ్లి తల ఊపొస్తావు, ఇక్కడ మా నడుములు పడిపోతున్నాయి. నిన్ను సూపర్‌వైజర్ని చేసినప్పుడు, మన మనిషి పైకెళ్లిందని ఎంత సంబరపడ్డామో తెలుసా? శనివారం ఏదో పెద్ద కంపెనీ విందట కదా. ఆ రోజు కూడా మమ్మల్ని ఉంచేశావంటే, అందరం కలిసి పైకెళ్లి నువ్వు మాకొద్దని చెప్పేస్తాం."

కోడలికి కుర్చీ పోతుందన్న భయం ఉన్నమాట నిజమే. కానీ "మాకొద్దు" అన్న మాటే ఎక్కువ కోసింది.

ఇంటికొచ్చి అత్తగారి దగ్గర బావురుమంది. అత్తగారు కన్నీళ్లకు కరిగే రకం కాదు. రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి. పొరుగూరికి మాట్లాడే ట్రంకాల్ కోసం జనం గంటలు గంటలు కాచుకున్న రోజుల్లో, ఊరివాళ్ల తొందరలూ తిట్లూ అన్నీ ఆవిడ చెవుల్లో పడినవే.

"కాదని చెప్పొచ్చుగా అమ్మాయ్?"

"ఎలా చెప్పాలో రాదత్తయ్యా. నేను నేర్చుకున్నవన్నీ ఒప్పుకునే మాటలే."

"ఓసి పిచ్చిదానా, ఆ మాత్రం దానికా ఈ ఏడుపు? నా ఉద్యోగమంతా కాదని చెప్పడమే కదా! లైను ఖాళీ లేదు, అవతల పలకడం లేదు, కాసేపాగండి. ఇంతింత పెద్ద ఆఫీసర్లకి చెప్పాను. అందులో చిన్న కిటుకుంది, విను. సారీ ఒక్కసారే చెప్పు. రెండుసార్లు చెబితే తప్పు నీదే అనుకుంటారు. తర్వాత కారణం, ఒక్క ముక్కలో. ఆ తర్వాత ఎప్పటికవుతుందో చెప్పు. వట్టి కాదు అని వదిలేస్తే అవతలివాడికి ఒళ్లు మండుతుంది."

ఆ రోజు నుంచే పాఠం మొదలైంది. దీపాలు పెట్టే వేళకు గంటసేపు ఇంట్లో ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడకూడదని అత్తగారి ఆర్డరు. ఆవిడ నడుముకు చెయ్యి ఆనించి, బాంక్వెట్ మేనేజరై గర్జించింది. "ఐ వాంట్ ఎవ్రీథింగ్ బై నూన్!"

"ష్యూర్ అత్తయ్యా" అంది కోడలు.

"నీ ష్యూరు తగలెయ్య!"

అత్తగారి ముఖం చూస్తూ కాదనడం ఏ భాషలోనూ ఆ పిల్లవల్ల కాదు. అది కనిపెట్టి ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. కోడల్ని ముందుగదిలో కూర్చోమంది. మధ్యలో గోడ. టెలిఫోన్లో అవతలివాడి ముఖం కనబడదు కదా, ముందు అలా అలవాటు చేసుకో అంది. ఆ కిటుకు పనిచేసింది. ఆవిడ గోడవతల నుంచి అడగరానివన్నీ అడగడం, ఈమె ఇవతల నుంచి కాదనడం. రెండు మూడు రోజులు తిరిగేసరికి కోడలి గొంతు గట్టిపడింది.

గురువారం సాయంత్రం కూడా అలాగే కూర్చున్నారు. వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది. "మై డాటర్ ఈజ్ కమింగ్ ఆన్ సాటర్‌డే విత్ చిల్డ్రన్. యూ టేక్ లీవ్."

ఇవాళ కొత్త ప్రశ్న వేసిందని కోడలు హుషారుగా అందుకుంది. "ఐయామ్ సారీ, మేడమ్. సాటర్‌డే ఈజ్ నాట్ పాసిబుల్. వుయ్ హావ్ ఎ బిగ్ డిన్నర్. ఐ కెన్ టేక్ లీవ్ నెక్స్ట్ వీక్." ఎక్కడా తడబడలేదు. శభాష్ అంటుందేమోనని చెవులు రిక్కించింది. గోడవతల నుంచి కూరగాయలు తరిగే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆ చప్పుడు కూడా కాస్త కోపంగానే ఉంది.

కాసేపటికి భర్త పనినుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, "అక్క ఫోన్ చేసింది. శనివారం పిల్లల్ని తీసుకుని వస్తోందట. అమ్మ చెప్పిందా?" అన్నాడు.

కోడలు ఒక్క అంగలో వంటింట్లో పడింది.

"అత్తయ్యా, నిజంగా అడిగారని తెలీదు! ఇంటి ఆడపడుచు వస్తుంటే నేను కాదంటానా? లీవు పెట్టేస్తాను."

అత్తగారు కత్తి కింద పెట్టింది. "నిజంగా అడిగానని తెలిస్తే ఒప్పేసుకునేదానివా? మరి శనివారం నీ లాండ్రీవాళ్లంతా ఏమైపోతారు? అందాకా వెళ్లాక వెనక్కి తగ్గకు. ఇప్పుడు అదే మాట నా ముఖం చూసి చెప్పు."

కోడలు చూసింది. ఆ ముఖంలో కోపం ఉంది, దాచుకోవడానికి ఆవిడేమీ ప్రయత్నించడం లేదు కూడా. అయినా చెప్పింది, ఈసారి తెలుగులోనే. "శనివారం కుదరదత్తయ్యా. ఆ రోజు నేను లాండ్రీలో ఉండాలి. వచ్చేవారం లీవు పెడతాను, మీ అమ్మాయిని అప్పుడు రమ్మనండి."

"వచ్చింది కోపం, రాదా మరి? నా కూతురు వస్తానంటే నువ్వు కుదరదంటివి" అంది అత్తగారు. తర్వాత ఫోన్ తీసి కూతురికి కలిపింది. "ఒసేయ్, వచ్చేవారం రండి. మీ మరదలికి పనుంది." అవతల నుంచి అలాగేలే అన్న మాట కోడలికీ వినబడింది. ఫోన్ పెట్టేసి ఆవిడ కోడలి వైపు చూసింది. "అయిపోయింది. ఇల్లేమీ కూలలేదుగా?"

ఇన్నేళ్లూ తను భయపడింది ఇంతమాత్రం దానికేనా అని కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడు మీటింగులో బాంక్వెట్ మేనేజరు శనివారం విందుకు టేబుల్ క్లాతులన్నీ ఎప్పటికి కావాలో చెప్పాడు. ఎప్పటికో వేరే చెప్పాలా? అందరూ అలవాటుగా లాండ్రీ వైపు చూశారు. కోడలు ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. సారీ ఒక్కసారే చెప్పింది. ఒక డ్రయ్యరే నడుస్తోందని చెప్పింది. సగం మధ్యాహ్నానికి, మిగతా సగం షిఫ్టు దిగే వేళకు, సాయంత్రం ఐదింటికి ఇస్తానంది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

జనరల్ మేనేజరు తల తిప్పి, డిన్నర్ ఎన్నింటికని బాంక్వెట్ ఆయన్ని అడిగాడు. రాత్రి ఎనిమిదింటికన్నాడు ఆయన. మరి ఐదింటికైతే ఏమవుతుందని ఈయన. ఏమీ కాదని ఆయన. ఆ వెంటే జనరల్ మేనేజరు, డ్రయ్యరు సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని కోడల్ని కాస్త గట్టిగానే అడిగాడు. అది మాత్రం తన తప్పేనని ఆమెకు తెలుసు, ఒప్పుకుంది. మెకానిక్‌ని పంపిస్తానని ఆయన రాసుకున్నాడు.

మెట్లు దిగుతుంటే కాళ్లు నేలమీద ఆనలేదు. లాండ్రీలో ఆడవాళ్లంతా పని ఆపి, ఏ మాట మోసుకొచ్చిందోనని చూస్తున్నారు.

"రేపు అందరూ షిఫ్టు టైముకే ఇంటికెళ్తారు" అంది కోడలు.

వదిన నమ్మలేదు. "ఎవరన్నారు?"

"నేనే. కుదరదని చెప్పాను."

"పైన? ఇంగ్లీషులో?"

"ఆ."

వదిన కళ్లు చెమ్మగిల్లాయి, ఆవిరి వంక పెట్టి తుడుచుకుంది. బల్ల ముందున్న బట్టలు పక్కకు జరిపి, కోడలు కూర్చోవడానికి చోటు చేసింది.

"ఆ మాట మాకూ నేర్పవే" అంది.

"మీకెందుకు వదినా? మీరెవరూ మీటింగుకు రారుగా. ఎవరితో అంటారు?"

"ఇంకెవరితో? ముందు నీతోనే!"