వదిన బిగించిన చైను

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, ఆ సాయంత్రం టైలరు వదినా, ఆమె ఆడబిడ్డా ఒకే పానా పట్టుకుని వీధిలో తంటాలు పడడం చూసి ఉంటే నాలుక కరుచుకునేవాళ్ళు.

ఆడబిడ్డను వీధిలో అందరూ నర్సమ్మ అంటారు. భర్త పోయిన ఏడాదే ఆమె పనిచేసే ఆసుపత్రి కూడా మూతపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పెట్టె పట్టుకుని అన్న ఇంటికి వస్తే, వదిన ఎందుకనీ అడగలేదు, ఎన్నాళ్ళనీ అడగలేదు. కుట్టుగదిలో సగం ఖాళీ చేసి మంచం వేసింది. అది తలచుకున్నప్పుడల్లా నర్సమ్మకు కళ్ళు చెమర్చేవి.

ఇన్నాళ్ళకు ఉద్యోగం దొరికింది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చే పని. మర్నాడు పొద్దున్నే చేరాలి. సొంత బండి లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ముందే చెప్పేశారు. అన్నయ్య పాత మోటార్ సైకిల్ ఉందిలే అన్న ధీమాతో సరేనంది. తీరా చూస్తే అది ముందురోజు ఎత్తు ఎక్కుతూ చైను జారి నడిరోడ్డులో మొరాయించింది. మెకానిక్ షాపుకు తాళం వేసి ఊరెళ్ళాడు. బండితో పాటు పడ్డ అన్న కుడిచెయ్యి విరిగి కట్టులో ఉంది. నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు.

“ముందున్న చిన్న పళ్ళ చక్రం నట్టు చైను ఉండగానే వదులు చెయ్యాలి. ఒకళ్ళు వెనక బ్రేకు తొక్కి పట్టండి,” అన్నాడు గుమ్మంలో కుర్చీ వేసుకుని.

“మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు,” అంది వదిన. అంటూనే పానా మీద ఒళ్ళంతా వేసి నొక్కింది. నట్టు కిర్రుమని కదిలింది.

పాత చైనూ, ముందూ వెనకా ఉన్న రెండు పళ్ళ చక్రాలూ ఊడి వచ్చాయి. పళ్ళు అరిగి కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి.

“ఇలాంటి పళ్ళతో ఇన్నాళ్ళు ఎలా లాగిందో వదినా!”

“మీ అన్నయ్యతో నేను లాగట్లా?”

పొద్దున కొని తెచ్చిన కొత్త చక్రాలు ఎక్కించారు. కొత్త చైను చుట్టి, దాని కొసలు కలిపే లాకు మూసి ఉన్న వైపు చైను తిరిగే దిక్కుకు ఉండేలా పెట్టారు. ఆ సంగతి అన్నే చెప్పాడు. చెప్పినందుకు ఒక కప్పు టీ సంపాదించుకున్నాడు.

ఇక బిగించడం ఒక్కటే మిగిలింది. దారం వదులుగా ఉంటే వదినకు ఒళ్ళు మంట. కుట్టు కాస్త ఉబ్బినా మొత్తం విప్పేసే మనిషి. “చైను కొంచెం ఆడాలే,” అని అన్న అరుస్తూనే ఉన్నాడు. “వేలాడేది ఏదైనా సరే చూడ్డానికి అసహ్యం,” అంటూ ఆమె చక్రాన్ని వెనక్కి జరిపి, చైనును తీగలా లాగి బిగించేసింది. స్టాండు మీద చేత్తో తిప్పితే చక్రం బాగానే తిరిగింది.

నర్సమ్మ స్టాండు తీసి, ఎక్కి, గేరు వేసింది. బండి మూలిగింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు నాలుగు గజాలు ఈడ్చుకుంటూ వెళ్ళి ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. చేతికొచ్చిన ఉద్యోగం చేజారుతోంది.

“నా రాతే ఇంత వదినా,” అంది.

“రాతకేం లేదు గానీ, దిగు ముందు.” వదిన కింద చతికిలబడి చైనును వేలితో నొక్కింది. కొద్దిగా ఆడింది. “ఇప్పుడు ఎక్కి కూర్చో.” మళ్ళీ నొక్కింది. ఈసారి చైను ఇసుమంతైనా కదల్లేదు. “నా మతి మండా!” అని నుదురు కొట్టుకుంది. నుదుటి నిండా గ్రీజు. “ప్యాంటుకి కొలత తీస్తే ప్రతివాణ్ణీ ఒకసారి కూర్చోమంటాను. నిలబడ్డప్పుడు సరిపోయిందే కూర్చుంటే పట్టేస్తుంది. ఈ బండికి మాత్రం నిన్ను కూర్చోబెట్టకుండానే కొలత తీసేశాను!”

అన్న పగలబడి నవ్వాడు. ఏడవబోయిన నర్సమ్మకు కూడా నవ్వొచ్చింది.

ఆమెను బండి మీద కూర్చోబెట్టి, చైను వేలికి కాస్త ఆడేదాకా వదులు చేసి నట్లు బిగించారు. నిన్న బండి ఆగిపోయిన ఎత్తు మీదికే నర్సమ్మ దాన్ని పోనిచ్చింది. బండి ఒక్క మూలుగు లేకుండా పైదాకా ఎక్కింది. అక్కడ కాసేపు ఆగి కళ్ళు తుడుచుకుంది. నా కోసం ఇంతమంది ఉన్నారు అనుకుంది. ఉన్నది ఇద్దరే, అయినా అలాగే అనిపించింది.

తిరిగి వచ్చేసరికి వదిన పెరట్లో చేతులు రుద్దుకుంటోంది. నర్సమ్మ నూనె, సబ్బు, పాత బ్రష్షు తెచ్చి ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. అరచేతులు తేటపడ్డాయి గానీ, గోళ్ళ సందుల్లో నలుపు వదల్లేదు.

“ఈ చేతుల్తో రేపు తెల్లబట్ట ఎలా ముట్టుకుంటావు వదినా?”

“రేపు తెల్లబట్ట లేదుగా. స్కూలు చొక్కాలు వేరేవాళ్ళకి ఇచ్చుకోమని పొద్దున్నే చెప్పేశాను.”

“పొద్దున్నేనా? పానా పట్టకముందే?”

“మరి? గ్రీజు అంటకుండా బండి బాగవుతుందా?”

నర్సమ్మ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఏడాదిలో ఆ దుకాణానికి వచ్చే పెద్ద పని ఆ చొక్కాలే.

“మా అమ్మ ఉన్నా నాకింత చేసేది కాదు వదినా.”

“సర్లే, చీకటి పడుతోంది. వంట ఎవరు చేస్తారు, మీ అన్నయ్యా?”

“నేను చేస్తాను,” అంది నర్సమ్మ. కానీ లేవలేదు. వదిన చెయ్యి వదలకుండా ఇంకో వేలు పట్టుకుంది.