మూడో పిలుపు

మంచు దేశంలో మగ్గం నేసి చూపించడానికి ఎమ్మిగనూరు నుంచి ఒక మనిషి కావాలన్నప్పుడు శంకరన్న పేరే ఎందుకొచ్చిందో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. నలుగురిలో నిలబెడితే గోడవైపు చూసే మనిషి ఆయన. "ఆయప్ప నోరు తెరిసే పనే లేదులేప్పా, సేతులు ఆడిస్తే సాలు," అని నేతగాళ్ల సంఘం పెద్దలు తేల్చేశారు. మాట్లాడ్డానికి మంజు ఉండనే ఉంది. ఆదోనిలో డిగ్రీ చదివి సంఘం ఆఫీసులో పనిచేసే పక్కింటి పిల్ల. మాటలు వచ్చిన నాటి నుంచి శంకరన్నను పెద్దనాయనా అనే పిలుస్తుంది.

అలా నవంబరు ఆఖర్లో ఇద్దరూ నార్వే ఉత్తర కొసన ట్రోమ్సోలో దిగారు. పది రోజుల చేతిపనుల ప్రదర్శన. హాలులో గుంత తవ్వనివ్వం అన్నారు వాళ్లు. గుంత లేని గుంత మగ్గమేమిటని శంకరన్న మొహం మాడ్చుకుంటే, చెక్కలతో ఎత్తుగా అరుగు కట్టి మధ్యలో కాళ్లు దింపుకోవడానికి సందు విడిచారు. పెళ్లికొడుకులా అందరికంటే పైన కూర్చుని పది రోజులూ నేశాడు. జనం ముక్కున వేలేసుకుని చూశారు. ఆయనకు మాత్రం ఒక్కటే దిగులు. ఆ ఊళ్లో పొద్దు పొడవదు. పగలు పది దాటాక ఆకాశం కాస్త నీలంగా తేరుకుంటుంది, రెండు కాకముందే మళ్లీ చీకటి. "ఇదేం దేశమమ్మా, సూర్యుడు గూడా రానంటాడు," అని మంజు దగ్గర రోజూ గొణిగేవాడు.

ప్రదర్శన ముగిసిన మర్నాడు, నేతగాళ్లనూ కుమ్మర్లనూ అందరినీ కలిపి ఇరవై మందిని పడవలో ఫ్యోర్డు చూడటానికి తీసుకెళ్లారు. ఫ్యోర్డంటే మరేం లేదు. రెండు వైపులా నిట్టనిలువు కొండలు, వాటి మధ్యకు మైళ్ల కొద్దీ చొరబడిన సముద్రం. మంజు వారం నుంచి ఫోనులో దాని బొమ్మలు చూపించి ఊరిస్తూనే ఉంది. పడవ వెనకవైపు ఇద్దరు కూర్చునే బల్ల మీద శంకరన్నను కూర్చోబెట్టి, తను కూర్చోకుండా కటకటాలు పట్టుకుని వీడియో తీసుకోసాగింది.

పడవ బ్యాటరీతో నడిచేది, చప్పుడు లేదు. పడవ పోతున్నట్టు కాక, కొండలే మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టు ఉంది. నీళ్లు నల్లగా, అల అన్నది లేకుండా ఉన్నాయి. కొండల మీద మంచు ఉంది గానీ ఆ నీలపు మసకలో అది తెల్లగా లేదు, పాత గుడ్డ రంగులో ఉంది. ఒక్క పిట్ట లేదు. లోపలికి పోయేకొద్దీ రెండు వైపుల కొండలూ దగ్గరికొచ్చాయి. శంకరన్నకు ఎందుకో చెమట పట్టింది. ఆ చలిలో చెమటేమిటని తనే తుడుచుకుని చెయ్యి చూసుకున్నాడు.

ఒక చోట పడవ నడిపే సరంగు దాన్ని ఆపేసింది. అరవై ఏళ్ల ఆడమనిషి, నెరిసిన జడ, పెద్ద గొంతు. ఆమె ఏదో చెప్పగానే అందరూ లేచి నిలబడి నోళ్లు మూసుకున్నారు.

"ఈడ గట్టిగా పిలిస్తే కొండ మళ్లీ పలుకుతాదంట పెద్దనాయనా. ఒక్కొక్కరే పిలవాల్నంట," అంది మంజు.

దారి మధ్యలో ఆగడం, జనమంతా గుమిగూడి మాట్లాడకుండా నిలబడటం, ఒకరు గొంతెత్తి పిలవడం. ఇలాంటి ఆగడం శంకరన్న ఎరుగును. అది మూడేళ్ల కిందటి మాట.

శంకరన్న తమ్ముడు హనుమేశు మగ్గం కూడు పెట్టదని ఆదోనికి పోయి, పత్తి బేళ్లు లారీలకెత్తే పనిలో చేరాడు. ఒకరోజు లోడు మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. పెళ్లాం పిల్లలు లేరు. అన్న ఇంట్లో మంచం పట్టాడు. పదకొండు నెలలు. శంకరన్న భార్య పుల్లమ్మ వంట చూసుకుంటే మిగతాదంతా ఆయనే. ముడ్డి కడిగాడు, అన్నం తినిపించాడు, వీపు పుండ్లు పడకుండా గంటకోసారి పక్కకు తిప్పాడు. మగ్గంలో కూర్చుంటే పక్కగదిలోంచి "అన్నా" అని పిలుపు. పోయి వచ్చి మళ్లీ కూర్చుంటే మళ్లీ "అన్నా". విసుక్కోకుండా చేశాడని వీధంతా మెచ్చుకుంది. లోపల ఎంత విసిగిపోయాడో ఆయనకే తెలుసు.

ఒక తెల్లవారుజామున హనుమేశు పలకలేదు. ఆ మధ్యాహ్నం శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ఎక్కడైనా కొసప్రాణం మిగిలి ఉంటే లేస్తాడేమోనని, మట్టికి ఇచ్చేముందు అయినవాళ్లు అక్కడ చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. డప్పులు ఆగాయి. శంకరన్న వంగి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. అప్పుడు తమ్ముడి ముక్కులో పెట్టిన దూది కదిలింది.

గాలే అయ్యుంటుంది. మార్చి నెల, దుమ్ము లేపే గాలి. కానీ ఆయనకు ఆ క్షణంలో సంతోషం కలగలేదు, భయం కలిగింది. లేస్తే? మళ్లీ ఆ మంచం, ఆ వాసన, ఆ పిలుపు? మూడోసారి వంగి, ఏడుపు ముంచుకొచ్చినట్టు తుండుతో మొహం కప్పుకుని, పెదాలు మాత్రం కదిపాడు. గొంతు రానివ్వలేదు. పాపం దుఃఖంతో మాట పడిపోయిందనుకున్నారు జనం. పాడె లేచింది. హనుమేశును పూడ్చి వచ్చారు. పూడ్చి వచ్చారు అన్న మాట తలుచుకుంటే ఈ మూడేళ్లలో ఒక్కరోజూ ముద్ద సరిగ్గా దిగలేదు ఆయనకు. పుల్లమ్మకు కూడా చెప్పలేదు.

పడవలో ఒక్కొక్కరే పిలుస్తున్నారు. ఎవరి పేరు వాళ్లు పిలుచుకోవడం, కొండ ఒకటికి రెండుసార్లు దాన్ని తిప్పి పంపడం, అందరూ నవ్వడం. మంజు తన పేరు పిలిచి, అది తిరిగొస్తే చిన్నపిల్లలా గంతులేసింది.

"నువ్వూ పిలువు పెద్దనాయనా. సిగ్గేంది?"

శంకరన్న లేచాడు. తన పేరే పిలుచుకుందామనుకున్నాడు. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"హనుమేశూ..."

పిలుపు నీళ్ల మీదుగా పోయింది. కొండకు తగిలిందో లేదో, తిరిగి మాత్రం రాలేదు. జనం చెవులు రిక్కించారు. మంజు మొహంలో నవ్వు ఆగిపోయింది. "సచ్చిపోయినోళ్లను ఏంటికి పిలుస్తావు పెద్దనాయనా?" అనబోయేలోగా ఆయన రెండోసారి కూడా పిలిచేశాడు. అదీ రాలేదు.

సరంగు భుజాలెగరేసి, తనే గొంతెత్తి ఒక కేక పెట్టింది. ఆ కేక మూడుసార్లు తిరిగొచ్చింది. ఆమె శంకరన్న వైపు వింతగా చూసి ఏదో అంది.

"ముప్పై ఏండ్లుగా ఈడికి వస్తాందంట. ఇట్లా ఎప్పుడూ కాలేదంట. ఇంకొక్కసారి పిలవమంటాంది," అంది మంజు, గొంతు తగ్గించి.

"నాతో కాదు," అని శంకరన్న కూలబడ్డాడు. రెండు పిలుపులనూ ఎవరో అందుకుని దగ్గర పెట్టుకున్నారని ఆయనకు తెలిసిపోయింది. మూడోది ఏమవుతుందోనన్న భయం మూడేళ్ల కిందటిదే, కాస్త కూడా పాతబడలేదు.

పడవ వెనక్కి మళ్లింది. అందరికీ వేడి టీ ఇచ్చారు. కొండలు దూరం జరుగుతూ వచ్చాయి. ఇంకొంచెం పోతే సందు దాటేస్తామని, దాటితే బతికిపోతానని శంకరన్న ఒక్కో బండనూ చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు వెనక నుంచి వినిపించింది.

"అన్నా."

మంజు ఫోను దించింది. "పెద్దనాయనా, ఎవురో తెలుగులో పిలిచినట్టుంది గదా. మనోళ్లు ఇంగెవరన్నా వచ్చినారా ఏంది?" వెనక్కి వంగి చూసింది. ఇంకో పడవ లేదు. ఒడ్డున ఇల్లు లేదు. పడవ చీల్చిన నీళ్లు మాత్రం నల్లగా కలుసుకుంటున్నాయి.

"అన్నా."

ఈసారి దగ్గరగా వచ్చింది. అరుపు కాదు. ఎంతసేపైనా అన్న వస్తాడని తెలిసినవాడి పిలుపు. మంజు ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. మిగతావాళ్లు టీలు తాగుతూ నవ్వుకుంటున్నారు, ఒక్కరూ తల తిప్పలేదు.

శంకరన్నకు ఏడుపొచ్చింది. పిలవకపోతే ఈ పాపాన్ని ఎమ్మిగనూరుకు మళ్లీ మోసుకుపోవాలి. పిలిస్తే వాడు వస్తాడు. ఎలా వస్తాడో, ఎంతకాలం ఉంటాడో తెలియదు. అయినా తప్పించుకుని బతికిన మూడేళ్లు మాత్రం ఏం బతుకని ఒళ్లు మండింది ఆయనకు, తన మీద తనకే. కటకటాలు పట్టుకుని లేచి, జీవితంలో ఎన్నడూ ఎత్తనంత గొంతు ఎత్తాడు.

"హనుమేశూ! పిలుస్తాండానురా. రా నాయనా!"

కొండ పలకలేదు. కాసేపటికి పడవ వెనక మూల జానెడు కిందికి దిగి, మళ్లీ లేచింది. టీ కప్పులు బల్లల మీద జారాయి. సరంగు చటుక్కున తిరిగి నీళ్ల వంక చూసింది. అల లేదు.

శంకరన్న కూర్చున్నాడు. బల్లలో సగం ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచి, చెవికి బెత్తెడు దూరంలో, చిన్నగా మాట వచ్చింది.

"చలేస్తాందన్నా."

శంకరన్న ఒంటి మీది కోటు గుండీలు విప్పాడు. తీసి, ఆ ఖాళీ మీద కప్పాడు.

"ఏం చేస్తాండావు పెద్దనాయనా? గడ్డ కట్టిపోతావు!" అని మంజు కోటు తీయబోయింది. తీయబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది. కోటు బల్లకు అంటుకుని లేదు. దాని కింద మనిషి అంత ఎత్తు ఉంది. ఆ పిల్ల వెనక్కి వెనక్కి జరిగి కటకటాలకు ఆనుకుంది.

శంకరన్న కోటు అంచులు నాలుగు వైపులా దగ్గరికి లాగి దోపాడు. తల వంచి, మూడేళ్లుగా గొంతులో ఉన్నది కక్కేశాడు.

"ఆ పొద్దు మూడోసారి పిలవలేదురా నేను. ఉత్తినే పెదాలు ఆడించినా. నువ్వు లేస్తావేమోనని భయమేసి పిలవలేదు."



"తెలుసన్నా," అన్నాడు హనుమేశు. "రెండూ ఇన్నాను. మూడోదానికి లేద్దామనే ఉంటిని."