శుక్రవారం రొట్టె

పప్పుల అర ముందు మోకాళ్ళమీద కూర్చుని, ప్లాస్టిక్ పట్టీలోంచి పాత ధర చీటీని గోటితో పైకి లాగి, దాని చోట కొత్తది దూరుస్తోంది నెవెంక. ఇంకా ఆరున్నర కాలేదు. దుకాణంలో సగం దీపాలే వెలుగుతున్నాయి. ఆమె కుడి బొటనవేలి గోరు ఒక పక్క ఎప్పుడూ విరిగే ఉంటుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆ గోటితోనే చీటీలు లాగుతోంది. మొదట దినార్ల చీటీలు, తర్వాత యుద్ధం రోజుల్లో పొద్దున ఒక అంకె సాయంత్రం ఒక అంకెగా మారిన కాగితపు దినార్లు, ఆ తర్వాత కూనాలు, ఇప్పుడు యూరోలు. డబ్బు పేరు మారిన ప్రతిసారీ ధర పైకే జరిగింది గాని కిందికి జరిగిన గుర్తు ఆమెకి లేదు.

పొట్టి మనిషి. నడుము దగ్గర వెడల్పు. ఇంట్లోనే వేసుకున్న ఎర్ర రంగు జుట్టు కొసల్లో మిగిలింది, మొదళ్ళలో తెలుపు బయటపడింది. ఎడమ మోకాలికి పట్టీ. దుకాణం వాళ్ళిచ్చిన చేతుల్లేని కోటు ఆమెకి రెండు సైజులు పెద్దది. మార్పించుకోమని అందరూ అంటారు గాని, పద్నాలుగు నెలల్లో పెన్షన్ తీసుకునే మనిషికి కొత్త కోటెందుకని ఆమే అడగలేదు.

షట్టర్ ఎత్తి తిబోర్ లోపలికొచ్చాడు. దుకాణం మేనేజరు, ముప్ఫై ఏళ్ళవాడు, కూపా నది మీది పొగమంచంతా గడ్డానికి పట్టించుకుని వచ్చాడు.

"ఇవ్వాళ ఎవరైనా వస్తారంటావా అక్కా?"

"రారు."

"అంత సంబరంగా చెప్తావేంటి? పైవాళ్ళు ఫోన్ చేసి తిట్టేది నన్ను."

"తిట్టనీ. మంగళవారం కాఫీ ధర పెంచమన్నదీ వాళ్ళేగా."

తిబోర్ నవ్వాపుకుని గదిలోకి పోయాడు. దేశమంతా శుక్రవారం ఏ దుకాణంలోనూ ఏమీ కొనొద్దని పిలుపు. ధరలు భరించలేక జనం చేస్తున్న బాయ్‌కాట్. ఇది రెండో శుక్రవారం. నిజం చెప్పాలంటే నిన్న, గురువారం, నెవెంక నడుం విరిగింది. శుక్రవారం కొనకూడదన్నారు గాని గురువారం రెండింతలు కొనకూడదని ఎవరూ అనలేదు కదా! బళ్ళు నింపుకుని, పిడికిళ్ళు ఊపుకుంటూ పోయారు జనం. "రేపు వీళ్ళకి బుద్ధి చెప్తాం" అంటూ నాలుగు కిలోల పంచదార పట్టుకెళ్ళిన పెద్దమనిషిని చూసి ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా ఆమె మనసు వాళ్ళ వైపే. జీతం వచ్చిన మొదటి వారమే గడువు దగ్గరపడిన పెరుగు డబ్బాలు ఏరుకునే మనిషి ఇంకెవరి వైపుంటుంది?

ఏడింటికి తలుపులు తెరిచింది. కౌంటర్ వెనక కుర్చీలో కూర్చుని, అలవాటు కొద్దీ ఎదురుగా గాజు తలుపు వైపు చూసింది. ఏడూ పదికి బార్తోల్ వస్తాడు.

బార్తోల్‌కి ఎనభై మూడేళ్ళు. ఉక్కు కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేశాడు. దుకాణానికి ఎదురుగా, కార్ఖానా వాళ్ళ కోసం కట్టిన నాలుగంతస్తుల ఇళ్ళలో మూడో అంతస్తు. భార్య పోయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. భూకంపం తర్వాత గోడలు బీటలిచ్చి, ఆయన పై వాటా, కింది వాటా వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళి ఇంతవరకూ తిరిగి రాలేదు. రోజూ ఏడూ పదికి ఒక గుండ్రటి చిన్న రొట్టె కొంటాడు. ఒక్కటే. జేబులోంచి భూతద్దం తీసి, అరల్లో చీటీలన్నీ చదువుకుంటూ వస్తాడు, కొనేది మాత్రం ఆ ఒక్క రొట్టే. కౌంటర్ దగ్గరికొచ్చాక మొదలు:

"ఏమ్మాయ్, నిన్న నీ బుద్ధి బాగానే ఉందే. రాత్రికి రాత్రి పది సెంట్లు పెంచావేం?"

"నేను పెంచలేదు బాబాయ్, పైవాళ్ళు."

"చీటీ పెట్టింది నీ చెయ్యి. నేను నీ చేతినే అడుగుతాను."

యాభై ఎనిమిదేళ్ళ ఆమెని 'అమ్మాయ్' అనేవాడు ఈ లోకంలో ఆయనొక్కడే. అందుకని ఆ మాటలకి కోపం రాదు గాని, ఆ భూతద్దం చీటీ మీద వాలినప్పుడల్లా సిగ్గుగా ఉంటుంది.

పోయిన చలికాలం ఒకరోజు ఏడూ పదికి ఆయన రాలేదు. ఏడున్నరకీ రాలేదు. నెవెంక కౌంటర్ వదిలేసి, కోటైనా వేసుకోకుండా రోడ్డు దాటి మెట్లెక్కింది. రెండో అంతస్తు దాకా వెళ్ళేసరికి పైన గొట్టం మీద ఇనుము కొడుతున్న చప్పుడు. టంగ్, టంగ్, టంగ్. స్నానాల గదిలో జారిపడి, లేవలేక, చేతికందిన చెంచాతో వేడినీళ్ళ గొట్టం మీద కొడుతున్నాడు. ఆసుపత్రి నుంచి రాగానే తాళంచెవి ఒకటి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. "నేను రొట్టెకి రాకపోతే నువ్వు రా" అన్నాడు. అంతే ఒప్పందం. ఆ తాళంచెవి సొరుగు కింద మేకుకి వేలాడుతోంది. రొట్టె వంకతో ఆయన రోజూ తను బతికే ఉన్నానని చెప్పిపోతున్నాడని నెవెంకకి తెలుసు. ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎన్నడూ అనుకోలేదు.

నిన్న ఆయన్ని ఆపింది ఆమే.

"రేపు రాకు బాబాయ్. ఎవరూ రారు. నువ్వొక్కడివీ వస్తే ఏం బాగుంటుంది?"

"నా ఒక్క రొట్టెతో పైవాళ్ళు దివాలా తీస్తారా?"

"తీయరు. కానీ రోజూ నా చేతిని అడుగుతావుగా. నా చెయ్యి ఏమీ చేయలేదు. నీ కాళ్ళు చేయగలవు. ఇంట్లో కూర్చో."

బార్తోల్ గడ్డం గోక్కున్నాడు. వెనక్కి వెళ్ళి ఇంకో రొట్టె తెచ్చుకున్నాడు.

"సరే. కార్ఖానాలో నలభై ఏళ్ళలో ఒక్క సమ్మె కూడా చేయలేదు. ఎనభై మూడో ఏట చేయిస్తున్నావు. ఇదిగో, రేపు నేను రాకపోతే పోయాననుకునేవు! పోలేదు, బాయ్‌కాట్‌లో ఉన్నానని గుర్తు పెట్టుకో."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు కూడా.

ఇవ్వాళ ఏడూ పది దాటింది. నెవెంక చెయ్యి దానంతటదే సొరుగు కిందికి పోయి తాళంచెవిని తాకింది. ఆ మాట గుర్తొచ్చి, తనలో తను నవ్వుకుని చెయ్యి వెనక్కి తీసేసుకుంది. బార్తోల్ మాట మీద నిలబడ్డాడు! ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి మనిషే లేడు.

తొమ్మిది దాకా ఈగలు తోలుకోవడమే. దుకాణం ఇంత ఖాళీగా ఉంటే ఫ్రిజ్‌ల మోత వినబడుతుందని ఆమెకి ఇంతకాలం తెలియదు. గాజు తుడిచింది. బుట్టలు సర్దింది. నారింజలు ఒక్కొక్కటీ తిప్పి మచ్చలు వెనక్కి పెట్టింది. ఒక పిల్లతల్లి తలకి గుడ్డ చుట్టుకుని, బిడ్డని చంకనేసుకుని, దొంగలా గోడ వారగా వచ్చి పాలపొడి డబ్బా కౌంటర్ మీద పెట్టింది.

"మా అత్తకి చెప్పకండి. పొద్దున్నించీ బాయ్‌కాట్ బాయ్‌కాట్ అని ఇంట్లో ఒకటే ఊదర. వీడికేం తెలుసు శుక్రవారమని?"

"నేనెవర్నీ చూడలేదమ్మా. ఇవ్వాళ నేను కూడా ఇక్కడ లేను."

ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళింది. ఆమె వెనకే నెవెంక తలుపు దాకా వెళ్ళి, చలిగాలి పీల్చుకుంటూ నిలబడింది. ఎదురింటి మూడో అంతస్తులో వంటగది దీపం పొగమంచులో పసుపుపచ్చగా కనబడుతోంది. తొమ్మిదిన్నరైనా దీపమా? తెల్లారితే చాలు మీట నొక్కేసే పిసినారి బార్తోల్. మంచు పట్టింది కదా, ఏమీ కనబడదు పాపం, అనుకుంది. రొట్టెకి రాకపోతే తోచక భూతద్దంతో పాత పేపరు చదువుకుంటూ ఉంటాడు, అనుకుంది. ఒక మనిషి క్షేమంగా ఉన్నాడని నమ్మాలనుకుంటే కారణాలకి ఏం కరువు? ఆమెకి రెండు దొరికాయి, రెండూ సరిపోయాయి.

పదకొండింటికి మంచు విడిపోయింది. ఎండ కాకపోయినా వెలుతురైతే వచ్చింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నెవెంక ఈసారి కనుబొమలు ముడిచి, వెళ్ళి చూసొద్దామా అని గుమ్మంలో అడుగు బయటపెట్టింది. వెళితే ముసలాయన ఏమంటాడో కూడా వినబడింది: 'చూశావా, నువ్వే ఓడిపోయావ్. సమ్మెలో ఉన్నవాణ్ణి నిఘా పెట్టి చూస్తున్నావ్!'

"అక్కా! ఇలా రా!" లోపల్నుంచి తిబోర్ కేక.

వెళ్ళింది. గదిలో ప్రింటరు చీటీలు కక్కుతోంది. తిబోర్ మొహం విచ్చుకుని ఉంది.

"తగ్గించారు! కాఫీ, నూనె, బట్టల సబ్బు. ఇప్పుడే మార్చేయమన్నారు. మన దగ్గరే కాదు, అన్ని ఊళ్ళలోనూ ఖాళీయే అట. వణికిపోతున్నారక్కా!"

నెవెంక చీటీలు చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుంది. మంగళవారం తన చేత్తోనే డెబ్భై సెంట్లు పెంచిన కాఫీ పొట్లం మీద యాభై తగ్గింది. అంటే ఇంకా ఇరవై పైనే ఉంది. ఆ లెక్క ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ముప్ఫై తొమ్మిదేళ్ళలో మొదటిసారి కిందికి దిగిన చీటీ! మోకాలి నొప్పి మర్చిపోయి వంగి, పాత చీటీని గోటితో లాగింది. చెత్తబుట్టలో వేయబోయి, ఆగి, కోటు జేబులో పెట్టుకుంది. బార్తోల్‌కి చూపించాలి. భూతద్దం తీసి చూడమనాలి. ఇదిగో బాబాయ్, ఈ చేతినేగా రోజూ తిట్టావు.

మధ్యాహ్నం రెండింటికి ఆమె షిఫ్టు అయిపోయింది. ఒక చిన్న కాఫీ పొట్లం తనే కొంది. ఇవ్వాళ కొనకూడదని గుర్తొచ్చింది గాని, గెలిచిన సంబరానికి కొంటే తప్పేం లేదనుకుంది. మేకు మీది తాళంచెవి తీసుకుని రోడ్డు దాటింది.

తలుపు రెండుసార్లు కొట్టింది. "బాబాయ్, సమ్మె విరమించు! మనమే గెలిచాం!" అని అరిచింది. లోపల్నుంచి రేడియో చిన్నగా వినబడుతోంది. తాళం తీసింది.

బల్లకీ పొయ్యికీ మధ్య నేలమీద పక్కకి తిరిగి పడి ఉన్నాడు బార్తోల్. కుర్చీ మీది కోటు లాక్కుని కాళ్ళకి కప్పుకున్నాడు. ఒక కాలే కప్పబడింది. చేతి పక్కన చెంచా. గోడ వారనున్న గొట్టం మీద తెల్లరంగు చెక్కులు చెక్కులుగా లేచిపోయి, కింద నేలంతా పేలపిండిలా రాలి ఉంది.

నెవెంక వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఎంతసేపట్నుంచి చల్లగా ఉందో. పైనా కిందా ఖాళీ వాటాలే. మెట్ల మీద ఎవరూ లేరు. వచ్చే ఒక్క మనిషినీ ఆయనే రావద్దని నవ్వుతూ పంపేశాడు, ఆమె నవ్వుతూ ఒప్పుకుంది.

అంబులెన్సులో వచ్చిన డాక్టరమ్మ చిన్నపిల్ల. పరీక్ష చేసి, గ్లవ్స్ తీసేసి, కాగితం రాసుకోవడం మొదలుపెట్టింది.

"పొద్దున్నే పడి ఉంటారు."

"వెంటనే పోయాడా?"

ఆ పిల్ల గొట్టం వైపు చూసింది, కోటు వైపు చూసింది.

"చెప్పలేనమ్మా. వెంటనే అయితే కాదు. మీరు ఈయనకేమవుతారు?"

ఏమవుతుంది?

"ఎదురు దుకాణంలో కౌంటర్ దగ్గర ఉంటాను" అంది. చెప్పగానే అదే ప్రశ్న తన మీదికి తిరిగింది. పద్నాలుగు నెలల తర్వాత, ఒకరోజు తను లేవకపోతే, ఎవరు చూస్తారు? ఏ కౌంటర్ దగ్గర ఏ మనిషి గడియారం వైపు చూస్తుంది?

వాళ్ళు ఆయన్ని దుప్పటిలో చుట్టి, ఇరుకు మెట్ల మీంచి మెల్లగా దింపుకెళ్ళారు. నెవెంక రేడియో ఆపింది. దీపం ఆర్పబోయి, చెయ్యి రాక అలాగే వదిలేసింది. జేబులో చీటీ తగిలింది. తీసి చూసింది. అప్పుడిక ఏడుపు వచ్చింది, పెద్దగా, ముక్కు కారేంత ఏడుపు, ముంజేత్తో తుడుచుకుంటూ. పది సెంట్లకో ఇరవై సెంట్లకో కాదు ఈ బాధ, యాభై సెంట్లు తగ్గితే ఏం, ఐదొందలు తగ్గితే ఏం, ఆ గొట్టం చప్పుడు వినడానికి మనిషి లేకుండా చేసింది తను.

కుర్చీలో కూలబడి, తల ఎత్తింది. బల్ల మీద పళ్ళెం, పళ్ళెం పక్కన వెన్న రాసుకునే కత్తి, మడిచిన చేతిగుడ్డ, అన్నీ నిన్న రాత్రే సర్ది పెట్టుకున్నట్టున్నాయి. పళ్ళెంలో దుకాణం కాగితపు సంచి, మూతి చక్కగా రెండుసార్లు మడిచి ఉంది. లోపల గుండ్రటి రొట్టె ఒకటి. సంచి మీద వడ్రంగుల ఎర్రపెన్సిల్‌తో, తడబడకుండా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: శుక్రవారం.