నీళ్లకు చేరవలసిన పడిగె

నేను ఒక పడిగెను. కోయల ఇంటి వేల్పుల కథను బొమ్మలుగా కుట్టిన మూడు మూలల జెండా గుడ్డను. దోలి గాయకుడు నన్ను విప్పి, బొమ్మ మీద వేలు పెట్టి పాడితేనే ఎవరు ఎవరి వంశమో జనానికి తెలిసేది. పోయినవాళ్ల పేరు ఆ పాటలో చేరితేనే వాళ్లు పెద్దల్లో కలిసినట్టు. నేను పాతబడితే కొత్తది కుడతారు. కానీ నన్ను గోదారిలో వదలందే కొత్తది లేవదు, దాని మీద కొత్త పేరు ఎక్కదు. అదీ ఆచారం.

నా ఖర్మ కాలి, ఫొటో తీసుకుని ఇచ్చేస్తానని ఒక పెద్దమనిషి పట్టుకుపోయాడు. ఆ ఫొటో ఎలా వచ్చిందో గానీ, నేను మాత్రం పట్నం మ్యూజియంలో అద్దాల వెనక తేలాను. అక్కడ నన్ను తలకిందులుగా వేలాడదీశారు. నా మీది తాతముత్తాతలంతా కాళ్లు పైకి పెట్టుకుని ఏళ్ల తరబడి అలాగే ఉన్నారు. వచ్చినవాళ్లు ఎంత బాగుందో అనుకుంటూ వెళ్లేవారు, పాడినవాడు ఒక్కడూ లేడు. చలి, నాఫ్తలీన్ ఉండల కంపు, విసుగు. చావనివ్వకపోవడాన్నే మనుషులు సేవ అంటారు కాబోలు.

నా కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాడు దోలి ఊకయ్య. చివరికి మ్యూజియం వాళ్లు మనసు మార్చుకుని, ఇక మీ ఇష్టమంటూ నన్ను అతని చేతిలో పెట్టారు. హమ్మయ్య, ఇక నీళ్లే అనుకున్నాను. ఎక్కడ! ఊకయ్య నన్ను ఇంటి దూలానికి కట్టుకుని కూర్చున్నాడు. కొత్త పడిగె కుట్టి సిద్ధంగా ఉంది. పూజారి వచ్చి అడిగితే వచ్చే జాతరకని ఒకసారి, గోదారిలో నీళ్లు తక్కువున్నాయని ఒకసారి. నా అంచున వాళ్ల నాన్న వేలి మరక ఒకటుంది. పాడి పాడి పడిన జిడ్డు మరక. దాన్నే తడుముకుంటూ ఉండేవాడు. నాకూ జాలేసేది, కానీ నేను అలసిపోయాను.

ఒక పొద్దున జావ పోస్తూ భార్య ముత్తక్క మెల్లగా అంది.

"మీ అన్న సచ్చి ఏండ్లాయె. పాటల చేరక బయటనే నిలబడ్డడు. మీ అయ్య మరక కోసం అన్నను ఇంకెన్నాళ్లు నిలబెడ్తవయ్యా?"

ఊకయ్య జావ ముట్టలేదు. ఊరివాళ్లను పిలిచి, నన్ను భుజాన వేసుకుని గోదారిలోకి దిగాడు.

"పోయి రా, అయ్యా" అన్నాడు.

వదిలాడు. మళ్లీ కొస పట్టుకున్నాడు. కాసేపటికి అదీ విడిచాడు.

నీళ్లు వెచ్చగా ఉన్నాయి. నేను మునుగుతుండగా గట్టున డోలు మోగింది, కొత్త పడిగె లేచింది. ఊకయ్య ఏడుస్తూనే పాడాడు. చివరి బొమ్మ దగ్గర అన్న పేరు వినిపించింది. తడి ఆరని వేలు గదా, ఆ కొత్త గుడ్డ మీద అప్పుడే ఒక మరక పడే ఉంటుంది.