సెకను కూడా కాలేదు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. ఆ శుభవార్త వచ్చేసరికి వాగ్దేవి మెడలో, ఆమె కొత్త నల్లపూసలకు చిక్కుపడి వేలాడుతున్నాను. పెళ్లయి ఇరవై రోజులు. ఫోన్‌లో మెసేజ్ చూసి ఆమె వేసిన గెంతుకి నా బటన్ దానంతటదే నొక్కుకుపోయింది.

"ఏవండీ, కోదండపాణి గారు ఒప్పుకున్నారు!" అని వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"ఎవరు? దేనికి?" అన్నాడాయన, పాపం.

ఆయనకు తెలియకపోయినా మీకు చెబుతాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక పదేళ్లు ఈ యూనివర్సిటీ మైదానంలో పరుగులు కొలిచాను. వ్యాయామ మాస్టారు రిటైరవుతూ నన్ను వాగ్దేవికి ఇచ్చారు. అధ్యాపకులు ఇంకాస్త బాగా పాఠం చెప్పేలా సాయపడటం ఆమె ఉద్యోగం. చివరి బెంచీలో కూర్చుని, ప్రశ్న అడిగాక పాఠం చెప్పేవారు జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో నాతో కొలుస్తుంది. కానీ సీనియర్లెవరూ ఆమెను క్లాసులోకి రానివ్వలేదు. నెలాఖరులోగా ఒక్క ప్రొఫెసరైనా ఆమె సాయం తీసుకున్నట్టు ఫారం మీద సంతకం పెట్టకపోతే, ఆమె గదిని జవాబు పత్రాల కట్టలకు ఇచ్చేస్తామని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇప్పుడు సీనియర్ ప్రొఫెసర్ కోదండపాణి గారు తన క్లాసుకు రమ్మన్నారు, అందుకే ఆ గెంతు.

ఆ మధ్యాహ్నమే కోదండపాణి గారి ఫిజిక్సు క్లాసుకు వెళ్లాం. ముప్ఫై ఏళ్ల అనుభవం, ఖంగుమనే గొంతు.

"లిఫ్ట్ తాడు తెగితే లోపలున్నవాడి బరువెంత? సున్నా!"

నేనింకా బయల్దేరనే లేదు. ముందు బెంచీలో ఒకమ్మాయి నోరు తెరిచి, మూసేసింది. అలా ఇరవై మూడు ప్రశ్నలు. ఆయన ఎక్కువలో ఎక్కువ ఆగింది సెకనున్నర. ఎందరో పరుగువీరులను చూసిన నేను నిర్ఘాంతపోయాను.

తర్వాత ఆయన గదిలో వాగ్దేవి నన్నూ, నా లెక్కలు రాసిన కాగితాన్నీ ఆయన ముందు పెట్టింది.

"ఇరవై మూడిట్లో ఒక్కదానికీ ఎవరూ జవాబు చెప్పలేదా?"

"చెప్పడానికి మీరు ఆగలేదు సార్."

ఆయన ముఖం పాలిపోయింది. "ముప్ఫై ఏళ్లుగా ఈ పిల్లలకేమీ రాదని తిట్టుకుంటున్నానమ్మా" అంటూ నన్ను చేతిలోకి తీసుకున్నారు.

"ఇప్పుడు మీకేమనిపిస్తోంది సార్? కష్టంగానే ఉంటుంది లెండి, మొదట్లో అందరికీ అంతే."

ఆమె ప్రశ్న ముగియగానే ఒకసారి, జవాబు తనే అందుకోగానే మరోసారి ఆయన వేలు నన్ను నొక్కేసింది. నన్ను ఆమె కళ్లముందు పెట్టారు. "చూసుకోమ్మా. సెకను కూడా కాలేదు."

వాగ్దేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వర్క్‌షాపుల్లో వందమందికి ఆగమని చెప్పిన మనిషి! కాసేపటికి, మెల్లగా, మళ్లీ అడిగింది.

"మీకేమనిపిస్తోంది సార్?"

ఈసారి పెదవులు బిగించి కూర్చుంది. ఐదు. ఎనిమిది. పదకొండు.

"భయంగా ఉందమ్మా" అన్నారాయన.

ఆ మాట ఆయన నోట రావడానికి పదకొండు సెకన్లు పట్టింది. మైదానంలో ఎన్ని రికార్డులు చూశానో గానీ, ఇలాంటిది చూడలేదు.

ఆయన ఫారం మీద సంతకం చేసి, నా తాడు తన మెడలో వేసుకున్నారు.

"రేపు తొమ్మిదింటికి ఆ లిఫ్ట్ ప్రశ్న మళ్లీ అడుగుతా. ఆ ముందు బెంచీ అమ్మాయి మాట్లాడేదాకా నోరు విప్పను. పదింటికి నీ వర్క్‌షాప్‌కి వస్తా. చివరి బెంచీ నాది, ఇది నా దగ్గరే ఉంటుంది. సరేనా?"

వాగ్దేవి వెంటనే జవాబు చెప్పలేదు. ఆయనా తొందరపెట్టలేదు.