డాబా మీద తొమ్మిది రోజులు

షోలాపూర్ అశోక్ చౌక్ వెనక సందులో ఒక టవళ్ల కార్ఖానా ఉంది. దాని డాబా మీద రోజూ పొద్దున్నే ఆరేడుగురు ఆడవాళ్లు బాక్సింగ్ నేర్చుకునేవారు. కింద మగ్గాలు నడుస్తుంటే డాబా నేల సన్నగా అదిరేది. మెట్ల దారిన పైకి తేలివచ్చిన దూది నుసి ఎండ పడినచోట ఆగి, ఎటు పోవాలో తోచనట్టు తిరిగేది. ఆ నుసి మధ్య నిలబడి గుద్దులు విసురుతుంటే తృప్తికి తాను ఇంకా నిద్ర లేవలేదేమో అనిపించేది.

తృప్తికి పదహారేళ్లు. తండ్రి రామన్న ఆ కార్ఖానాలోనే మగ్గాలు నడుపుతాడు. తల్లి చిన్నప్పుడే జ్వరంతో పోతే నానమ్మ నర్సమ్మ బీడీలు చుడుతూ పెంచింది. ఇల్లు కుంభారి కాలనీలో. తండ్రీ కూతుళ్లు తెల్లవారగానే ఒకే బస్సులో వస్తారు. ఆయన కిందికి, ఆమె పైకి.

నేర్పేది యాదగిరి. ఆయన కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మనిషి. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో బాక్సింగ్ ఆడాడు. పనికిరాని టవళ్లను మూటలుగా కుట్టించి డాబా మీద ఇనుప దూలానికి వేలాడదీశాడు. ఎవరొచ్చినా వద్దనడు. ఇద్దరు పిల్లల తల్లి రూపాలి కూడా రోజూ వచ్చి, పావుగంట మూటను గుద్ది, చెమట తుడుచుకొని పనికి పోయేది. ఆమె ఏ పోటీకీ వెళ్లలేదు. ఎందుకు వస్తున్నావని యాదగిరి ఏనాడూ అడగలేదు.

ఆ ఏడు తృప్తికి రాష్ట్ర పోటీల్లో రజతం వచ్చింది. జూలైలో సర్కారు క్రీడా అకాడమీ నుంచి ఉత్తరం వచ్చింది. ఉండడం, తిండి, చదువు, డాక్టరు, అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఆగస్టు మొదట్లో చేరాలి. ఆమె అవుననలేదు, కాదనలేదు. ఉత్తరం బడిసంచిలోనే ఉంది.

అప్పుడే రవ్షన్ వచ్చాడు.

ఆయనది ఉజ్బెకిస్తాన్, మార్గిలాన్ అనే ఊరు. హోటళ్లకు టవళ్లు కొనే వ్యాపారి. యాభై దాటినవాడు, పెద్ద చేతులు, కొద్దిగా వంకర తిరిగిన ముక్కు. సరుకు నేయడం పూర్తయ్యేదాకా షోలాపూర్‌లో తొమ్మిది రోజులు ఆగాల్సి వచ్చింది. మొదటిరోజు కార్ఖానాలో నిలబడి ఉండగా మగ్గాల చప్పుడు మీదుగా ఇంకో చప్పుడు విన్నాడు. ఎవరినీ అడగకుండా మెట్లెక్కాడు. తృప్తిని కాసేపు చూసి, దగ్గరికి వెళ్లి, తన బూటు కొసతో ఆమె ఎడమ పాదాన్ని రెండు వేళ్లంత పక్కకు జరిపాడు.

"ఇప్పుడు కొట్టు" అన్నాడు హిందీలో.

ఆమె కొట్టింది. మూట ఎప్పుడూ ఊగనంత దూరం ఊగింది.

యాదగిరి నవ్వి కుర్చీ తెచ్చి వేశాడు. "కూసోండి సాబ్. మీరు ఆడిన మనిషే!"

రవ్షన్‌ది హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీ. అందులో ప్రేమకు, కన్నీళ్లకు బోలెడు మాటలుండేవి గానీ మోచేయికి, మడమకు ఉండేవి కావు. వాటిని చేత్తో తాకి చూపించేవాడు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. సన్నటి తుంపర పడుతుంటే అందరూ రేకు కింద చేరేవారు. ఆయన చాయ్ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకొని చెప్పేవాడు.

"మాదీ నేతగాళ్ల ఊరే. మా అమ్మ పట్టు నేసేది. నాకు పదేళ్లప్పుడు బడికి ఒక మనిషి వచ్చి మా చేతులు కొలిచాడు, పరిగెత్తించాడు, నన్ను తీసుకుపోయాడు. క్రీడల బడి. అక్కడే మంచం, అక్కడే మాంసం, పాలు, పుస్తకాలు. కిటికీ తెరిస్తే నేరేడు రంగు కొండలు. ఇప్పుడైతే మా దేశంలో గెలిచినవాళ్లకు ఇల్లు కూడా ఇస్తారు."

"వేరే దేశాలల్ల కూడా గట్లనేనా?" అని తృప్తి తెలుగులో అడిగి, నాలుక కరచుకొని, మళ్లీ హిందీలో అడిగింది.

"ఒక్కో దేశానికి ఒక్కో తీరు. క్యూబాలో కూడా చిన్నప్పుడే ఏరుకుంటారు. సరైన గ్లవ్స్ లేకపోయినా గురువు మాత్రం తప్పకుండా ఉంటాడు. వాళ్లతో ఒకసారి ఆడాను. వాళ్లు కొట్టరు, నీ చుట్టూ నాట్యం చేస్తారు, చివరికి నువ్వే అలిసిపోతావు. ఐర్లాండ్‌కు సరుకు పని మీద వెళ్లినప్పుడు ఒక పేటలో చూశాను. పగలు రొట్టెలు కాల్చే మనిషి సాయంత్రం పిల్లలకు నేర్పుతున్నాడు. జీతం లేదు. హాలు కూడా తనే ఊడుస్తాడు."

"అచ్చం మా సర్ లెక్క" అంది తృప్తి. యాదగిరి వినబడనట్టు మూట తాడు బిగించాడు.

ఆ రోజుల్లో తృప్తి బస్సు కిటికీ పక్కన కూర్చొని కళ్లు మూసుకుంటే చాలు, అశోక్ చౌక్ కరిగిపోయేది. నేరేడు రంగు కొండల కింద పాల గ్లాసులు వరుసగా కనిపించేవి. తెల్లటి దుస్తుల పిల్లలు చప్పుడు లేకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరిగేవారు. వాళ్లలో తానూ ఉండేది. ఎవరో తన చేతులు కొలిచి, ఈ పిల్ల కావాలి అనేవారు. కండక్టర్ అరిచేదాకా ఆమె తిరిగి వచ్చేది కాదు.

ఎనిమిదో రోజు ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. "ఏరుకున్నాక, మళ్లీ వద్దనుకుంటే?"

రవ్షన్ చాయ్ కింద పెట్టాడు.

"నన్ను పంతొమ్మిదేళ్లకు వద్దన్నారు" అన్నాడు. "నా బరువులో ఇంకొకడు బాగా ఆడుతున్నాడు. తప్పేమీ కాదు. పొద్దున చెప్పారు, మధ్యాహ్నానికి నా మంచం మీద వేరే పిల్లవాడి సంచి ఉంది. ఇంటికొచ్చాను. అమ్మ మగ్గం మీద ఉంది. తెగిన పోగు ముడి వేయమంది. నాకు రాలేదు. తొమ్మిదేళ్లలో గుద్దడం తప్ప నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. ఊళ్లో ఆడుకుందామంటే చోటు లేదు. గెలిచేవాళ్లకే బడి. అప్పటినుంచి మళ్లీ గ్లవ్స్ వేసుకోలేదు."

ఆయన లేచి రూపాలి వైపు చూశాడు. ఆమె కొంగు బొడ్లో దోపుకొని, లోకం పట్టనట్టు మూటను గుద్దుతోంది.

"ఇలాంటి డాబా మా ఊళ్లో లేదు" అన్నాడు.

మరునాడు సరుకుతో పాటు ఆయనా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తృప్తి ఉత్తరం తీసి నర్సమ్మ బీడీల చేట పక్కన పెట్టింది. "నేను పోను అవ్వా" అంది. రామన్న పోయి యాదగిరిని ఇంటికి పిలిచాడు.

"ఎందుకు పోవు?" యాదగిరి గడప మీదే కూర్చున్నాడు.

"మీరు ఎవల్ని ఎల్లగొట్టరు సర్. ఆళ్లు ఎల్లగొడతరు."

"నిజమే. కాని నీ వజన్‌ల ఇంకో పిల్ల నా తాన లేదు. నువ్వు ఎవరితోని ఆడుతవ్, ఆ మూటతోనా? డాక్టర్ లేడు. రింగ్ లేదు. నాకొచ్చింది మొత్తం చెప్పిన. ఇగ నా తాన ఏం లేదు బిడ్డా." ఆయన తృప్తి వైపు తిరిగాడు. "తీసేస్తే వాపస్ రా. దాంట్ల సిగ్గుశరం ఏమున్నది?"

నర్సమ్మ తల ఎత్తకుండా ఆకు కత్తిరిస్తూ అంది, "మీ తాత మగ్గం పని దొరుకుతదని విని కరీంనగర్ నుంచి గీ ఊరికి వచ్చిండు. దొరక్కపోతే వాపస్ పోదామనే వచ్చిండు. పోయి చూడు. బాగలేకపోతే రా. తలుపు తీసేది నేనే గద."

తృప్తి వెళ్లింది.

అకాడమీ ఆమె కలగన్నట్టే ఉంది, కొండలు తప్ప. నిజంగానే పాలు ఇచ్చారు. నిజంగానే డాక్టరు మోకాలు నొక్కి చూశాడు. ఆమె బరువు తరగతిలో ఆడే పిల్లలు నలుగురున్నారు. మొదటి నెల నలుగురి చేతిలోనూ దెబ్బలు తింది, మూడో నెలకు ఇద్దర్ని గెలిచింది. పక్క మంచం పూజది. బీడ్ జిల్లా పిల్ల, ఎప్పుడూ పాడుతుండేది. ఆమె అమ్మానాన్నలు చెరకు కోతకు పోతారు. ఆరు నెలలు ఊళ్లో ఇంటికి తాళమే.

మరుసటి ఏడాది పూజ వరసగా మూడు పోటీలు ఓడింది. ఒక పొద్దున ఆఫీసులో కాగితం ఇచ్చారు. చిరాకు పడలేదు, కసురుకోలేదు. వారంలో ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పారు. పూజ వచ్చి మంచం మీద కూర్చొని, బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. అది కోతల కాలం. తాళం వేసిన ఇంటికి ఎలా పోవాలో ఆ పిల్లకు తెలియలేదు.

తృప్తి వరండాలోకి వెళ్లి యాదగిరికి ఫోన్ చేసింది. అవతల మగ్గాల హోరు. ఆమె అంతా చెప్పింది.

"ఎంత వజన్?" అని అడిగాడు ఆయన.

"యాభై నాలుగు కిలోలు."

"ఈడికి తోలియ్యి."

తర్వాత ఇంటికి చేసింది. నర్సమ్మ ఒకటే అడిగింది. "పిల్ల జొన్నరొట్టె తింటదా?"

అమ్మానాన్నలను ఫోన్లో అడిగి పూజ షోలాపూర్ వచ్చింది; ఇంట్లో తృప్తి మంచం మీదే పడుకునేది, తృప్తి వచ్చిన బస్సులోనే రోజూ రామన్నతో డాబాకు వచ్చేది. కాలనీ బడి వాళ్లు పదకొండో తరగతిలో చేర్చుకున్నారు. మొదటి పది రోజులూ పూజ డాబా మీద నుసిని చూస్తూ కూర్చుంది. యాదగిరి ఆమెను లెమ్మనలేదు. పదకొండో రోజు రూపాలి తన చేతిపట్టీ చివర అందించి, "జరా పకడ్ పోరీ, ఒక్కదాన్నే చుట్టుకుంటే వదులైతంది" అంది. పూజ పట్టుకుంది. చుట్టడం సరిగా లేదని విప్పి తనే మళ్లీ చుట్టింది. ఆ తర్వాత తన చేతులకూ చుట్టుకుంది.

మరుసటి రాష్ట్ర పోటీల్లో తృప్తి అకాడమీ తరఫున స్వర్ణం గెలిచింది. పూజ షోలాపూర్ తరఫున ఆడి సెమీఫైనల్లో ఓడింది, కాంస్యం దక్కింది. తృప్తి పరిగెత్తుకొచ్చేసరికి పూజ మెట్ల మీద కూర్చొని, వాచిన పెదవితో నర్సమ్మ కట్టిచ్చిన రొట్టె నెమ్మదిగా నములుతోంది. రామన్న పక్కన నీళ్ల సీసా పట్టుకొని నిలబడ్డాడు.

"గెలిచేదానివి" అంది తృప్తి.

"హో, గెలిచేదాన్నే," అంది పూజ తాపీగా, నోటి నిండా రొట్టెతో. "వచ్చే ఏడు చూద్దాం. కూర్చో, నీకు కూడా ఉంది."

ఇద్దరూ ఒకే పొట్లం విప్పుకొని తినడం మొదలుపెట్టారు.