మూసిన నోళ్ళ పాట

మూడో మైలురాయి దాటేసరికి వెనకవాళ్ళ అడుగులు బరువెక్కాయి. నోమలీజో గొంతు సవరించుకుని పాట ఎత్తింది.

"ఈ కాళ్ళు మావే, ఈ దారీ మాదే..."

వందల గొంతులు అందుకున్నాయి. బస్సు చార్జీ పెంచిన దగ్గర్నుంచి నల్లవాళ్ళ పేట అలెగ్జాండ్రాలో ఎవరూ బస్సెక్కలేదు. జొహానెస్‌బర్గ్ దాకా తొమ్మిది మైళ్ళూ నడకే. ఇవాళ్టికి ఇరవయ్యో రోజు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా లాండ్రీలో తెల్లవాళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆవిరికి అరచేతుల గీతలు చెరిగిపోయాయి. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టవు. ఏ పేపర్లోనూ ఆమె పేరు పడలేదు గానీ, ఆ గొంతు తెలియని ఇల్లు లేదు.

ఖాళీ బస్సొకటి పక్కనే నెమ్మదిగా వచ్చింది.

"ఎక్కు ముసలమ్మా, ఊరికే తీసుకెళ్తా" అన్నాడు డ్రైవరు.

"నా వెనకున్న వాళ్ళందరికీ చోటుందా నాయనా?" అందామె నడక ఆపకుండా.

లాండ్రీ గుమ్మంలో సూపర్‌వైజర్ వెంటర్ దొర నిలబడి ఉన్నాడు. "రోడ్డుమీద అరిచింది చాలు. ఇక్కడ నోరు తెరిస్తే ఇంటికే."

నోమలీజో నోరు తెరవలేదు. పెదవులు బిగించి, ఇస్త్రీపెట్టె కదుపుతూ అదే పాట కూనిరాగం తీసింది. పక్కబల్ల నొజూకో అందుకుంది. కాసేపటికి నలభైమంది మూసిన నోళ్ళతో హాలంతా మోగింది.

"ఎవరది?" దొర బల్లబల్లకూ తిరిగి మూతులు చూశాడు.

"నోళ్ళన్నీ మూసే ఉన్నాయి దొరా" అంది నోమలీజో.

నలభైమందినీ పంపేస్తే దుప్పట్ల గతేమిటి? అతను తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆమె నడుం నిటారుగా చేసుకుని మరో దుప్పటి పరిచింది.

తిరుగు నడకలో రెండుసార్లు గుండె పట్టుకుని ఆగింది.

"కాస్త కూర్చో అక్కా" అంది నొజూకో.

"నేను కూర్చుంటే పాట కూడా కూర్చుంటుందే. పద."

తెల్లవారి నొజూకో వెళ్ళి తలుపు తట్టింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. నోమలీజో కుర్చీలోనే, పాదాలు నీళ్ళ బేసిన్‌లో ఉంచి, నిద్రపోతున్నట్టే పోయి ఉంది. నీళ్ళు చల్లబడ్డాయి.

ఇద్దరు ఆడవాళ్ళు ఆమె దగ్గర ఉండిపోయారు. సందు మొగలో జనం కదలకుండా నిలబడ్డారు. ఎన్నడూ ముందు గొంతెత్తని నొజూకో పాట ఎత్తింది. శ్రుతి తప్పింది. అయినా అందరూ అందుకున్నారు, అడుగు పడింది.

పెరట్లో తీగమీద, ఈ పొద్దుటి నడక కోసం నోమలీజో ఉతికి ఆరేసుకున్న పసుపుపచ్చ తలగుడ్డ పూర్తిగా ఆరి, గాలికి రెపరెపలాడుతోంది.